ఇంట్లో తీసిన మామూలు ఫోటోల్లో తల్లి పడే టెన్షన్ ఎలా బయటపడుతుంది?

ముఖంలో కన్నా చేతుల్లో, చూపుల్లో ఎక్కువగా తెలుస్తుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ క్యారీ మే వీమ్స్ 1990లో చేసిన ‘కిచెన్ టేబుల్ సిరీస్’ చూడండి. వేలాడే దీపం కింద ఒకటే బల్ల. తల్లి పాత్రలో ఆమే కూర్చుంది. ఒక ఫోటోలో తల్లీ కూతురూ చెరో అద్దం ముందు పెట్టుకుని లిప్‌స్టిక్ వేసుకుంటుంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒకరి వైపు ఒకరు చూడరు, పిల్ల మాత్రం అచ్చం తల్లిలాగే చేస్తుంటుంది. తల్లి మురిపెం, తనలాగే తయారవుతోందన్న బెంగ, రెండూ నాకు అందులోనే కనిపిస్తాయి.

దీనికి పాత రూపం కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఎక్స్‌పోజర్‌కు, అంటే కెమెరాలో బొమ్మ పడడానికి, చాలాసేపు పట్టేది. పసిబిడ్డ కదలకుండా తరచూ తల్లే పట్టుకుని, తన మీద గుడ్డ కప్పుకునేది, ఫోటోలో బిడ్డ ఒక్కతే కనిపించాలని.