మొదటిసారి వెళ్తుంటే యునాన్ కాదు, నాన్‌చాంగ్ వెళ్ళండి

డిసెంబరులో పది రోజులు సెలవు దొరికింది, చైనాలో పక్షుల ఫోటోలు తీయాలని ఉంది, అందరూ నైరుతి మూలనున్న యునాన్ రాష్ట్రం అంటున్నారు, 600 ఎం.ఎం. లెన్స్ అద్దెకు తీసుకోవాలా అని అడిగారు. లెన్స్ సంగతి తర్వాత చెప్తాను. చలికాలంలో వెళ్తున్నారు కాబట్టి జియాంగ్‌షీ రాష్ట్రంలోని నాన్‌చాంగ్ వెళ్ళండి. ఇందులో రెండో మాట లేదు.

నేను ఎంబీబీఎస్ చదివింది ఆ ఊళ్ళోనే, 2013 నుంచి 2019 దాకా. మన తెలుగువాళ్ళు అక్కడ చాలామందే చదివారు. కానీ పోయాంగ్ సరస్సు చూసొచ్చానని మా సీనియర్లలో ఒక్కరు చెప్పగా నేను వినలేదు. ప్రపంచంలో మిగిలిన సైబీరియా క్రేన్లు, అంటే కొంగలాంటి పెద్ద తెల్ల పక్షులు, దాదాపు అన్నీ చలికాలం గడిపే చోటు అది. హాస్టల్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేయొచ్చు. ఆ సంగతి తెలియకుండానే నాకు నాలుగు చలికాలాలు గడిచిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

సైబీరియా అనే మాట మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది టెక్కలి దగ్గర. తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా గూళ్ళు కట్టే పక్షుల్ని మా ఇంట్లో అందరూ సైబీరియా కొంగలనే అనేవారు. అవి రాకపోతే వానలు పడవని మా నాయనమ్మ నమ్మకం. ఆ ఊరివాళ్ళు వాటి మీద రాయి వేయనివ్వరు. అదంతా గొప్ప విషయమే. కానీ అవి సైబీరియా నుంచి రావు. అవి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. రెండూ మన దేశపు పక్షులే. గూడు కట్టి పిల్లల్ని లేపేది ఇక్కడే. ఉప్పలపాడు, వీరాపురం, ఎక్కడి పక్షుల గురించైనా సరే, ఏటా పేపర్లో అదే హెడ్డింగ్: సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు! ఒక్క ఫోన్ చేసి అటవీ శాఖ వాళ్ళని అడిగితే తెలిసే విషయాన్ని ఇన్నేళ్ళుగా తప్పు రాస్తున్నారు. మన పక్షిని మన పక్షి అని చెప్పుకోవడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

మన భాషలోనూ ఒక చిక్కుంది. చెరువులో నిలబడేది కొంగే, చింతచెట్టెక్కేదీ కొంగే, క్రేన్ కూడా కొంగే. సైబీరియా క్రేన్ చెట్టు మీద వాలదు. దాని బతుకంతా లోతు లేని నీళ్ళలో, బురదలో. అందుకే ఇక్కడ క్రేన్ అనే రాస్తున్నాను.

అసలు సైబీరియా క్రేన్లు మన దేశానికి కూడా వచ్చేవి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి. 1960లలో రెండొందల దాకా వచ్చేవట. ఏడాదికేడాది తగ్గుతూ 2001-02 చలికాలంలో ఒక్క జంట వచ్చింది. ఆ తర్వాత రాలేదు. దారి పొడవునా వేటాడారు, దిగే చిత్తడి నేలలు పాడయ్యాయి. ఇరాన్‌కి అయితే చాలా ఏళ్ళపాటు ఒకే ఒక్క మగపక్షి ఒంటరిగా వచ్చి వెళ్ళేది. దానికి ఒమిద్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మందగా బతికి ఉన్నవి ఇక తూర్పు వైపువే. రష్యాలోని యకూతియాలో గుడ్లు పెట్టి, 5 వేల కిలోమీటర్లు ఎగిరి పోయాంగ్‌కి వచ్చేవి. నేను చదివే రోజుల్లో సుమారు 4 వేలు అనేవారు. తర్వాతి లెక్కలు 5 వేలు దాటాయి.

2018 జనవరి సంగతి చెప్తాను. పరీక్షలు అప్పుడే అయిపోయాయి. ఉత్తర చైనా పట్టణాల్లో ఇళ్ళకి హీటింగ్ గొట్టాలు ఉంటాయి, దక్షిణాన ఉండవు. నాన్‌చాంగ్‌లో అది తడి చలి, ఎముకల్లోకి దిగుతుంది. క్యాంపస్ గేటు ఎదుట బియ్యం నూడుల్స్ కొట్టుకి రోజూ టిఫిన్‌కి వచ్చే ఒక రిటైర్డ్ టీచర్ ఉండేవారు. నేను షూషూ అని పిలిచేవాణ్ణి, మన బాబాయ్ లాంటి పిలుపు. నా చైనీస్‌ని దిద్దుతూ ఉండేవారు. ఒకరోజు ఫోన్లో ఫోటో చూపించి "బైహ" అన్నారు. తెల్ల క్రేన్ అని అర్థం. ఎక్కడిది ఇది అని అడిగితే, "ఇక్కడిదే, రేపు వస్తావా?" అన్నారు.

తెల్లారకముందే ఆయన చిన్న కారులో బయల్దేరాం. నేను సరస్సుకి వెళ్తున్నాం అనుకున్నాను. గంట దాటాక ఆగింది తామర దుంపల పొలం దగ్గర. వరి మడుల్లాగే గట్లు, మధ్యలో నల్లటి బురద, ఎండిన తామర కాడలు. నడుం దాకా రబ్బరు ప్యాంట్లు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక మూల దుంపలు తీస్తున్నారు. పొగమంచులో ఏమీ కనిపించలేదు. వినిపించింది మాత్రం, సన్నగా, పిల్లనగ్రోవి ఊదడం సరిగ్గా రాని పిల్లవాడు ఊదినట్టు.

ఏడున్నరకి మంచు కొంచెం పల్చబడింది. గట్టుకి అరవై డెబ్భై అడుగుల్లో మూడు పక్షులు. తల్లీ తండ్రీ, మధ్యలో పిల్ల. పెద్దవి మనిషి ఛాతీ ఎత్తున్నాయి. తెలుపు, ముఖం మాత్రం ఎరుపు. ఆ ఎరుపు కూడా సగమే కనిపిస్తోంది, ఎందుకంటే మెడ సగం దాకా బురదే. రెక్కల చివర నలుపు ఎగిరితేనే కనిపిస్తుంది. పిల్ల దాల్చినచెక్క రంగులో ఉంది. ఈ పక్షి మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, పిల్ల మాత్రం చాలాసార్లు ఒక్కటే బతుకుతుంది. ఆ ఒక్కదాన్నీ వెంటబెట్టుకుని అంత దూరం వస్తాయి.

పెద్ద పక్షి కళ్ళ దాకా తల బురదలో ముంచి తవ్వుతోంది. తల ఎత్తి, అటూ ఇటూ చూసి మళ్ళీ ముంచుతోంది. నేను వాచీ చూసుకున్నాను. పన్నెండు నిమిషాలు. అప్పటికి బెత్తెడు దుంప ఒకటి ముక్కున పట్టుకుని పైకి తీసింది. నీళ్ళలో జాడించి, నేల మీద పెట్టి పొడిచి ముక్క చేసి పిల్లకి ఇచ్చింది. పిల్ల మెడ సాచి అరుస్తూ తీసుకుంది. నా చేతిలో స్నేహితుడి కెమెరా ఉందని కూడా మర్చిపోయాను.

గట్టు మీద అప్పటికే ఓ పాతికమంది చేరారు. పక్షుల ఫోటోలు తీయడాన్ని అక్కడ "దా న్యావ్" అంటారు, పక్షిని కొట్టడం అని. పెద్ద లెన్స్‌ని "దా పావ్" అంటారు, ఫిరంగి అని. ఒకతను ఎగిరే ఫోటో కోసం వచ్చాడు. అవి ఎంతకీ ఎగరకపోయేసరికి మట్టిబెడ్డ తీసి విసిరాడు. మూడూ లేచాయి, వాటితో పాటు వెనక మంచులో మాకు కనిపించని నలభై యాభై పక్షులూ లేచాయి. గట్టంతా షట్టర్ల చప్పుడు. పిల్ల నోట్లో ముక్క బురదలో పడిపోయింది.

షూషూ అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన అన్న మాటల్లో నాకు సగమే అర్థమయ్యాయి. ఆ రెక్కలకు నువ్వు తిండి పెడతావా అన్నారు, అది అర్థమైంది. ఆ బెడ్డ విసిరినతను మూడు కాళ్ళ స్టాండు మడుచుకుని వేరే గట్టుకి వెళ్ళిపోయాడు.

ఆ కుటుంబం తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలు అయింది. పాత చోటికి రాలేదు. ఇంకాస్త దూరంలో మళ్ళీ మొదటి నుంచి తవ్వడం మొదలుపెట్టింది.

తిరుగుదారిలో ఆయన చెప్పారు. ఈ పక్షుల అసలు తిండి తామర దుంప కాదట. సరస్సు అడుగున పెరిగే ఒక గడ్డిలాంటి నీటిమొక్క గడ్డలు. పోయాంగ్ వానాకాలంలో 3 వేల చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది, చలికాలానికి వెయ్యి లోపుకి కుంచించుకుపోతుంది. నీళ్ళు తీసిన చోటల్లా క్రేన్ ముక్కుకి అందే లోతులో గడ్డలు తేలతాయి. 2010లో వరదలు ఎక్కువై ఆ మొక్క దెబ్బతింది. ఆకలికి క్రేన్లు పొలాల మీద పడ్డాయి. రైతులు తరమబోతే, ఫోటోలు తీసేవాళ్ళే కొందరు పూనుకుని ఆ తామర పొలాన్ని పక్షుల కోసమే కౌలుకి తీసుకుని అట్టేపెట్టారు. కాబట్టి కెమెరా పట్టిన ప్రతివాడినీ నేను తప్పుపట్టను. బెడ్డ విసిరినవాడూ, పొలం నిలబెట్టినవాడూ ఒకే గట్టు మీద ఉన్నారు.

ఇక యునాన్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. ఇంటికి వచ్చేసే ముందు, 2019 మార్చిలో ఒక బృందంతో వెళ్ళాను. గావోలిగోంగ్ కొండల్లో బైహువాలింగ్ అనే ఊరు. రైతులు అడవి అంచున చిన్న నీటి గుంట చేసి, ఎదురుగా వల కప్పిన పాక వేస్తారు. పాకకి నంబరు, సీటుకి డబ్బు. లెన్స్ పెట్టుకోవడానికి కన్నాలు. రైతు వచ్చి నాచు పట్టిన కొమ్మ మీద, రాళ్ళ సందుల్లో పురుగులు వేసి వెళ్తాడు, పక్షి వస్తుంది. రెడ్ టెయిల్డ్ లాఫింగ్ థ్రష్‌ని పది అడుగుల్లో చూశాను. చాలా అందమైన పక్షి. తొమ్మిది గంటలు కూర్చుని 1,100 ఫోటోలు తీశాను. వెనక్కి వచ్చి చూసుకుంటే నా ఫోటోకీ పక్క సీటాయన ఫోటోకీ తేడా లేదు. అదే కొమ్మ, అదే నాచు. ఆ పక్షి అడవిలో ఏం తింటుందో, ఎవరితో కలిసి తిరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. పక్షి తిండి వెతుక్కోవడం చూడకపోతే ఆ పక్షిని చూసినట్టే కాదని నా నమ్మకం. ఆ పాకల వల్ల ఒకప్పుడు వేటాడినవాళ్ళు ఇప్పుడు పక్షుల్ని కాపాడుతున్నారు, అది నేను కాదనను. రెండోసారో మూడోసారో వెళ్ళండి. హార్న్‌బిల్స్ కోసం మయన్మార్ సరిహద్దు పక్కనున్న యింగ్‌జియాంగ్ దాకా వెళ్తే మాత్రం పాస్‌పోర్ట్ జేబులోనే ఉంచుకోండి, దారిలో చెక్‌పోస్టులు ఉంటాయి.

లెన్స్ గురించి. తామర పొలాల దగ్గర 400 ఎం.ఎం. చాలు. నేను ఆ రోజు తీసింది 70-300తో, మూడు పక్షులూ నిండుగా పడ్డాయి. సరస్సు మీద, ఒడ్డునున్న వూచెంగ్ ఊరి వైపు వెళ్తే 600 కూడా చాలదు. అక్కడ స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) ఉంటేనే పక్షులు కనిపిస్తాయి. కాబట్టి 600 అద్దె డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనుక్కోండి, జన్మంతా పనికొస్తుంది. నల్ల బురదలో తెల్ల పక్షి కాబట్టి కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే ఈకలన్నీ తెల్లగా కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోండి, నేను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గిస్తాను. పవర్ బ్యాంక్ మీద చైనా వాళ్ళ త్రీసీ (3C) అనే భద్రతా గుర్తు లేకపోతే 2025 జూన్ నుంచి అక్కడి లోపలి విమానాల్లో ఎక్కనివ్వడం లేదు. నవంబరు మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా క్రేన్లు ఉంటాయి. వేసవిలో వెళ్తే వూచెంగ్ వెళ్ళే రోడ్డే నీళ్ళలో ఉంటుంది.

పది రోజుల్లో ఇంకా టైం మిగిలితే షాన్‌షీ రాష్ట్రంలోని యాంగ్‌షియన్‌లో క్రెస్టెడ్ ఐబిస్ అనే పక్షిని చూడండి. 1981లో అక్కడ దొరికినవి ఏడంటే ఏడు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి, వరి పొలాల్లో మన నాటు కొంగల్లాగా తిరుగుతుంటాయి.

ఆ రోజు కారులోంచే నాన్నకి వీడియో కాల్ చేసి కెమెరా స్క్రీన్ చూపించాను. "ఏటిరా ఇవి, మన తేలినీలాపురంవేనా?" అన్నారు. కాదు నాన్నా, సైబీరియావి అంటే ఇవే అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మనవి ఎక్కడివిరా?" అని అడిగారు. మనవి మనవే అని చెప్తే చాలా సంతోషించారు. మర్నాడు ఊళ్ళో అందరికీ అదే చెప్పారట.

మళ్ళీ మనవాళ్ళకి టూరిస్ట్ వీసాలు ఇస్తున్నారు, 2025 అక్టోబరు నుంచి కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి నాన్‌చాంగ్‌కి హైస్పీడ్ రైలు. నాన్నకి పాస్‌పోర్ట్ వచ్చింది. చలికి తట్టుకోవాలని ఆయనకి రెండు ఉన్ని బనీన్లు తీసుకున్నాను. షూషూకి మెసేజ్ పెడితే, ఇప్పుడు కారు తోలడం లేదట, బస్సులో వెళ్దాం అన్నారు.