నాన్నగారి ఫోర్‌వీల్ బండి బాగుచేయాలి: ఎఫ్‌డీ తీయాలా, బంగారం పెట్టాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, జీతం 38,000. ఇంటి ఖర్చు, పాప ఫీజు కలిపి నెలకి 25,000 అవుతుంది. నాన్నగారు చెరువుల మీద తిప్పిన బొలెరో క్యాంపర్, ఫోర్‌వీల్ డ్రైవ్, ఆయన పోయిన దగ్గర్నుంచి కొబ్బరితోటలో షెడ్డు కింద పడి ఉంది. ఆదివారాలు ఇంటి దగ్గరే ఒక్కో పనీ చేసుకుంటూ మళ్లీ రోడ్డెక్కించాలని ఆశ. మేస్త్రీ 1,85,000 అవుతుందన్నాడు, ఆయన రాసిచ్చిన కాగితం పంపుతున్నాను. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 20 నెలల 2 లక్షల చీటీలో 12 నెలలు కట్టాను, ఇప్పుడు పాడితే 22,000 పోతుంది. ఎఫ్‌డీ తీయనా, బంగారం పెట్టనా, చీటీ పాడనా? బాగయ్యాక కొబ్బరికాయల కిరాయికి తిప్పితే ఖర్చు తిరిగొస్తుందనుకుంటున్నాను. బావేమో పదిహేనేళ్లు దాటిన బండిని ఎలాగూ ప్రభుత్వం లాగేసుకుంటుంది, పాత ఇనుముకి అమ్మెయ్యమంటున్నాడు.

జవాబు: డబ్బు ఎక్కణ్నుంచి తేవాలన్నది తర్వాత చూద్దామండి. మేస్త్రీ కాగితంలో ఇంజన్ 60 వేలు, టింకరింగు పెయింటు 45, క్లచ్చు గేరుబాక్సు 30, టైర్లు 28, బ్రేకులు 12, వైరింగు 10, అన్నీ ఉన్నాయి, ఆర్సీ కాగితాలకి మాత్రం ఒక్క రూపాయి లేదు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఆయన్ని మీరు అడిగింది బండి గురించే. కానీ మీ డబ్బు నిలుస్తుందో మునుగుతుందో తేలేది కాగితాల దగ్గర, ఛాసీ (బండి అడుగునుండే ఇనుప చట్రం) దగ్గర. ఈ రెండూ చూసుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు, అవి తేలేదాకా చిన్న బోల్టు కూడా కొనకండి.

అసలు ఆ బండి ఎవరిది? ఆర్సీలో ఇంకా నాన్నగారి పేరే ఉండి ఉంటుంది. ఆయన వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, అక్కకి, మీకు సమాన వాటాలు, అంటే మీరు దాదాపు రెండు లక్షలు పోసేది మూడో వంతు మాత్రమే మీదైన బండి మీద. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి, మూడు నెలల్లోగా పేరు మార్పుకి ఫారం 31 పెట్టుకోవాలి. మీకు ఆ గడువు దాటిపోయి ఉంటే ఆలస్యానికి అదనంగా కట్టాల్సి రావచ్చు, కట్టేసి మార్పించుకోండి. అమ్మగారి సంతకం, అక్క సంతకం మాత్రం బండి తుప్పుపట్టి ఉన్నప్పుడే తీసుకోండి, పెయింటు వేసి మెరిపించాక అడిగితే ఎవరి లెక్కలు వాళ్లకి గుర్తొస్తాయి. బావ అమ్మేయమంటున్నాడంటే వాళ్లింట్లో ఈ మాట ఒకసారి వచ్చే ఉంటుందని నా అనుమానం. పాత ఫైనాన్స్ ఉంటే అది ఆర్సీలో కొట్టేసి ఉందో లేదో కూడా చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఫైనాన్స్ వాళ్లు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 ఇవ్వకపోతే హైపోథికేషన్, అంటే బండి వాళ్ల తాకట్టులో ఉన్నట్టు రాసిన మాట, అలాగే నిలిచిపోతుంది.

ఇంకోటి, ఇది పసుపు బోర్డు (కిరాయికి రిజిస్టరైన) బండి అయితే త్రైమాసిక పన్ను ఉండొచ్చు. వాడకుండా నిలిపేశామని ముందుగా కాగితం ఇవ్వకపోతే, షెడ్డులో కదలకుండా ఉన్నా పన్ను పడుతూనే ఉంటుంది. ఆ బకాయి ఎంతో, చలానాలు ఏమున్నాయో ఆన్‌లైన్లోనే తెలుస్తుంది, ఇవాళ రాత్రే చూసుకోండి. ఆ అంకె చూసి మీరే మనసు మార్చుకోవచ్చు.

బావ మాటలో సగమే నిజం. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటితే తుక్కుకి పంపమన్నది ప్రభుత్వ బళ్లని. మన దగ్గర సొంత బండికి ఫిట్‌నెస్ ఉంటే ఆర్సీ ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు, కాకపోతే ఇరవై ఏళ్లు దాటిన కారు తరగతి బండికి ఆ పొడిగింపు ఫీజుని 2025 ఆగస్టులో 10,000 చేశారు. గూడ్స్ బండికైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే.

ఇక ఛాసీ. చెరువుల మీద తిరిగిన బండి అన్నారు కాబట్టి నాకు అసలు భయం ఇక్కడే. రొయ్యల ట్రేల్లోంచి కారిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి దిగి, వెనక కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) ఛాసీకి తగులుకునే చోట నిలిచిపోతాయి, పైన నల్లమట్టి పేరుకుని ఆ తడి ఆరనివ్వదు. అక్కడి మట్టి గీకి సుత్తితో కొట్టండి. ఖంగుమంటే సంతోషం. చప్పుడు మొద్దుగా వచ్చి, రేకు పొలుసులు పొలుసులుగా రాలి, స్క్రూడ్రైవరు పొడిస్తే లోపలికి దిగిందంటే పని అక్కడితో ఆపండి. వేరే ఛాసీ తెచ్చి వేసుకోవడం మాటలు కాదు, బండికి గుర్తింపే ఛాసీ నంబరు. అప్పుడు బావ చెప్పిందే దారి, కాకపోతే వీధిలో తిరిగే పాత ఇనుము వాళ్లకి కాకుండా రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. కొత్త బండి ఎక్స్‌షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం వరకు రావచ్చని 2021 నాటి విధానంలో ఉంది, ఇచ్చే సర్టిఫికెట్‌తో కొత్త బండి పన్నులోనూ తగ్గింపు ఉంటుంది.

ఛాసీ గట్టిగా ఉంటే ఇంజన్‌కి 60 వేలు ఒప్పుకునే ముందు ఒక పని చేయండి. ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలో కాస్త ఇంజనాయిల్ పోసి, రెండు రోజులు ఆగి, క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో తిప్పండి. తిరిగిందంటే బోరు చేయించే పని తప్పినా తప్పొచ్చు. తిరగకపోతే విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ధర కూడా కనుక్కోండి, తీసుకుంటే బిల్లు తప్పనిసరి, నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. టైర్లు, బ్యాటరీ అన్నిటికన్నా ఆఖర్న కొనండి, ముందే కొంటే వారంటీ అంతా షెడ్డులోనే అయిపోతుంది. పెయింటు ఇంకా ఆఖర్న.

కిరాయి సంగతి. గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే, 2022 రేట్ల ప్రకారం ఏడున్నర టన్నుల లోపు బండికి 16,049, జీఎస్టీ అదనం. ట్రిప్పుకి డీజిల్, కూలీ పోను 500 మిగిలిందనుకుంటే 33 ట్రిప్పులు ఇన్సూరెన్స్‌కే చాలవు. ఆ పైన పన్ను, ఫిట్‌నెస్, కమాన్ కట్టలు. రోడ్డు మీద కాయల కిరాయికి చిన్న టాటా ఏస్ బళ్లు ఊరూరా ఉన్నాయి, వాటి రేటుకి ఈ బండి డీజిలు సరిపోదు. ఫోర్‌వీల్ విలువ తెలిసేది వానకి గట్టు జారుతున్నప్పుడు, వరద తీశాక లంకల్లోకి దిగాలన్నప్పుడు. అలాంటి కిరాయిలు ఏడాదికి ఎన్నొస్తాయో మీకే బాగా తెలుసు. కాబట్టి దీన్ని నాన్నగారి మీద ప్రేమతో పెట్టే ఖర్చుగానే రాసుకోండి, అందులో తప్పేం లేదు. పెట్టుబడి అని మాత్రం ఇంట్లో చెప్పకండి. బీమా కంపెనీ కూడా మీరు పెట్టిన ఖర్చు చూసి విలువ కట్టదు, ఐదేళ్లు దాటిన బండికి విలువ మీరూ వాళ్లూ కలిసి ఒప్పుకున్నదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. మీ ఉద్యోగం రొయ్యల మీద నడిచేది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లాక రైతులు పడిన టెన్షన్ మీరు గట్టు మీదే చూసి ఉంటారు. ఇంటి ఖర్చు, చీటీ కలిపి నెలకి 35 వేలంటే ఆరు నెలలకే 2,10,000. బంగారం కూడా వద్దు, 2 లక్షలకి 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 20,000, అదీ నడవని బండికి. పంట రుణం తక్కువ వడ్డీకి వస్తుంది కదా అని అసలే చూడకండి, అది పంటకి ఇచ్చేది. చీటీ పాడొద్దు, ఎనిమిది నెలలు ఆగితే ఆ 22 వేలు మీకే మిగులుతుంది. ఈలోగా నెలకి మూడు వేలు మించకుండా కాగితాలు, విప్పడం, కడగడం, బ్రేకులు. పన్ను బకాయి ఈ మూడు వేలల్లో తీరేది కాకపోతే చీటీ చేతికి వచ్చేదాకా ఏమీ విప్పొద్దు. చీటీ వచ్చాక అందులో లక్ష బండికి, మిగతాది ఎఫ్‌డీకి. చీటీ కట్టే పది వేలు ఇక ఉండవు కాబట్టి అందులోంచి నెలకి ఐదు వేలు పక్కన పెడితే టైర్లు, పెయింటు దానిలోంచే వస్తాయి.

లక్ష అయిపోయేసరికి ఇంజన్ స్టార్టయి, గేర్లు పడి, బ్రేకులు పట్టాలి. పట్టకపోతే ఇంకో పాతిక వేలు అని మేస్త్రీ అంటాడు, మీకూ అనిపిస్తుంది. అప్పుడు ఇవ్వకూడదని ఇప్పుడే మీ ఆవిడతో అనుకుని, ఆ అంకె షెడ్డు గోడ మీద రాసి పెట్టండి.