గ్రానైట్ స్లర్రీతో పార్కింగ్ టైల్స్

ప్రశ్న: మాకు పార్కింగ్ టైల్స్ యూనిట్ ఉంది. గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లు స్లర్రీని (రాయి కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతిపొడి మడ్డిని) ఊరికే తీసుకెళ్లమన్నారు. ఖర్చు కలిసొస్తుందని సిమెంటు ఐదో వంతు తగ్గించి ఆ పొడి కలిపాం. అంచులు రాలుతున్నాయి, కొన్నిటి మీద తుప్పు మరకలు వస్తున్నాయి. మానెయ్యమంటారా?
- ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మానెయ్యక్కర్లేదు. కానీ మీరు తగ్గించాల్సింది ఇసుకను, సిమెంటును కాదు. ఎంత మెత్తగా ఉన్నా స్లర్రీ రాతిపొడే. ఫ్లైయాష్‌లా (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదలా) సున్నంతో కలిసి గట్టిపడదు, రేణువుల మధ్య సందులు పూడుస్తుందంతే. సిమెంటు పాత కొలతకు తెచ్చి, వంద కిలోల ఇసుకలో పది కిలోలు తీసి ఆ పొడి వేయండి. ఇసుక బదులు క్రషర్ డస్ట్ (కంకర మిల్లు పొడి) వాడుతుంటే ఐదు కిలోలు చాలు, అందులో మెత్తటి పొడి ముందే ఉంటుంది. పొడి ఎక్కువైతే మాలు నీళ్లు లాగేస్తుంది. కలిపేవాళ్లు ఇంకో మగ్గు పోస్తారు, బలం అక్కడే పోతుంది.

తుప్పు సంగతికి వస్తే, స్లర్రీ ఏ మిషన్‌దో అడగండి. గ్యాంగ్‌సాలో, అంటే వరసగా బ్లేడ్లుండే పెద్ద రంపం మిషన్‌లో, ఇనుప గ్రిట్ (సన్నటి ఇనుప రవ్వ), సున్నం పోసి కోస్తారు. అరిగిన ఆ ఇనుమే తడి తగిలితే తుప్పు పడుతుంది. డైమండ్ బ్లేడ్, మల్టీవైర్ (డైమండ్ పూసల తీగల) కోతలో గ్రిట్ ఉండదు. ఇనుము ఉందో లేదో చూడ్డానికి అయస్కాంతాన్ని మాత్రమే నమ్మకండి, మీ చీమకుర్తి నల్ల గ్రానైట్ అయిన గెలాక్సీ రాయిలోనూ ఇనుప ఖనిజాలున్నాయి. ప్రతి లోడు పొడికి సిమెంటు కలిపి చిన్న బిళ్ల పోసి, గట్టిపడ్డాక వారం రోజులు తడుపుతూ ఆరబెడుతూ చూడండి. గోధుమరంగు చుక్కలు తేలితే ఆ లోడు పై పొరకు పనికిరాదు. రెసిన్ (జిగురు రసాయనం) కలిసే పాలిష్ లైన్ మడ్డి అసలే వద్దు.

ఇక 'ఊరికే' అన్న మాట. నాలుగో వంతు నీళ్లున్న పది టన్నుల లోడులో మీరు రెండున్నర టన్నుల నీళ్లకు కిరాయి కడుతున్నారు. కిలో మడ్డిని బాణలిలో తడారేదాకా వేయించి మళ్లీ తూచండి, అసలు పొడెంతో తెలుస్తుంది. గ్యాంగ్‌సా గుంట, డైమండ్ గుంట వేరుగా ఉంచే ఫ్యాక్టరీతోనే, పొడి బరువు లెక్కన మాట్లాడుకోండి.

ఎండిన ఉండలు మిక్సర్‌లో విడవవు, టైల్‌లో ఉండ ఉన్నచోట గుంట పడుతుంది. ముందురోజే డ్రమ్ములో నానబెట్టి, కలియబెట్టి పోయండి. ఆ నీళ్లను మాలు నీళ్లలోంచి తగ్గించాలి. దుమ్ము కూడా లేవదు. ఎండు పొడి జల్లించక తప్పకపోతే పనివాళ్లకు మంచి మాస్కు ఇవ్వండి, తలగుడ్డ ఆ దుమ్మును ఆపలేదు.

పొడి లేకుండా ఒకటి, పది శాతంతో ఒకటి, పదిహేనుతో ఒకటి, మూడు బ్యాచ్‌లు పోసి 28 రోజులకు ఐఎస్ 15658 (కాంక్రీటు పేవింగ్ బ్లాకుల భారతీయ ప్రమాణం) ప్రకారం ల్యాబులో పరీక్ష చేయించండి. రిపోర్టు చేతికొచ్చేదాకా టైల్ రేటు తగ్గించకండి.