రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసే ఏజెంటుతో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం. మూడు లక్షల వ్యక్తిగత రుణంలో నాలుగు వాయిదాలు తప్పాయి. వసూలు ఏజెంటు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి అరెస్టు చేయిస్తానంటున్నాడు. కరీంనగర్‌లో ఉన్న నాన్నగారికీ చేశాడు. ఈరోజే లక్షా ఇరవై వేలు తన నంబరుకు పంపితే సెటిల్ చేస్తాడట. పంపేయమంటారా?

జవాబు: పంపకండి. అప్పు తీర్చాల్సిందే, కానీ అతని నంబరుకు కాదు.

నాలుగో వాయిదా తప్పేసరికి 90 రోజులు దాటి, మీ ఖాతా మొండి బాకీల్లో చేరి ఉంటుంది. ఈ హడావిడి అందుకే. వాయిదా కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు రారు. మీరిచ్చిన చెక్కు బౌన్సైతే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద కేసు వేయవచ్చు. వాట్సాప్‌లో తక్కెడ బొమ్మతో నోటీసు వస్తే కంగారుపడకుండా అందులోని కేసు నంబరును ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతకండి. నిజమైన సమన్లయితే ఆ తేదీన కోర్టుకు వెళ్లి తీరాలి.

ఉదయం 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12న స్పష్టం చేసింది. బంధుమిత్రులను వేధించడం, నలుగురిలో పరువు తీయడం కూడా నిషిద్ధమే. నాన్నగారు హామీదారుగా సంతకం చేశారా? చేసి ఉంటే ఆయనకు ఫోన్ చేయవచ్చు, అదీ ఉదయం 8, సాయంత్రం 7 మధ్యలోనే. ఏదేమైనా విషయం మీరే ఆయనకు ముందుగా చెప్పేయండి.

కాల్ జాబితా ఫొటోలు జతచేసి బ్యాంకు ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.

ఇక సెటిల్మెంట్. అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉంది. తక్కువ కట్టి బయటపడితే మీ అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ నివేదికలో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు మేనేజరు కన్ను ముందు పడేది దాని మీదే. ‘రైటాఫ్ చేశాం’ అన్నా మురిసిపోకండి, అది బ్యాంకు సొంత లెక్కల సర్దుబాటు, మీ బాకీ అలాగే ఉంటుంది.

జీతం వస్తోంది కాబట్టి గడువు పెంచి వాయిదా తగ్గించమని శాఖకు వెళ్లి రాతపూర్వకంగా అడగడమే మేలని నా అభిప్రాయం. ఒప్పుకోకపోతేనే సెటిల్మెంట్. అప్పుడు కూడా రుణ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, మిగతాది వదులుకున్నామన్న వాక్యం ఉన్న లేఖ బ్యాంకు నుంచి చేతికొచ్చాక, నేరుగా రుణ ఖాతాలోనే జమచేసి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి.