మైకు దగ్గరి ముచ్చట: డప్పూ డిస్టార్షనూ

ప్రశ్న: అన్నా, మేం హన్మకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న నలుగురం. మాకో మెటల్ బ్యాండ్ ఉంది, అంటే గిటార్లు గట్టిగా మోగే రాక్ సంగీతం మాది. మా అమ్మమ్మ ఊళ్లో డప్పు కొట్టే తాత ఒకాయన ఉన్నాడు. ఈసారి ఫెస్ట్‌కు ఆయన్ను స్టేజీ మీదికి తేవాలని నా ఆశ. పాట మొదట్లో ఓ 30 సెకన్లు ఆయన కొడితే, తర్వాత మేం అందుకుంటాం. మా డ్రమ్మరేమో 'మెటల్‌ల డప్పేందిరా, బారాత్ అయితది' అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక గిటారిస్టు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మీ డ్రమ్మర్ మాట అటుంచు. నాకు నచ్చనిది నీ 30 సెకన్లు. పెద్దమనిషిని ఊరి నుంచి పిలిపించి, అర నిమిషం కొట్టించి, చప్పట్లు కొట్టి కిందికి దింపుతావా? పెళ్లి పందిరికి అరటి చెట్టు కట్టినట్టుంటుంది.

1986లో రన్ డీఎంసీ అనే న్యూయార్క్ ర్యాప్ బృందం, ఏరోస్మిత్ అనే రాక్ బ్యాండ్‌తో కలిసి 'వాక్ దిస్ వే' చేసింది. 1975 నాటి ఏరోస్మిత్ పాట అది. ర్యాప్ వాళ్లకు అందులో బాగా తెలిసింది మొదట్లో వచ్చే డ్రమ్స్ ముక్క ఒక్కటే, అచ్చం నీ 30 సెకన్ల లాగా. దాన్నే తిప్పి తిప్పి వేసుకుని మీద ర్యాప్ చెప్పేవాళ్లు. పాట మొత్తం చేయండని పట్టుబట్టింది నిర్మాత రిక్ రూబిన్. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ స్టూడియోకు వచ్చి కలిశారు. ఏరోస్మిత్ ఒంటరిగా చేసినప్పుడు అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో 10వ స్థానం దాకా వెళ్లిన పాట, ఇద్దరూ కలిశాక 4కు ఎక్కింది. అప్పటికి చల్లబడిపోయిన ఏరోస్మిత్‌కు మళ్లీ రోజులొచ్చాయి. ఆ డ్రమ్స్ ముక్క దగ్గరే ఆగిపోయి ఉంటే ఇదంతా ఎక్కడిది?

ఇంకో బ్యాండ్ సెపుల్టురా, బ్రెజిల్ మెటల్ వాళ్లు. 1996లో వచ్చిన 'రూట్స్' ఆల్బమ్ కోసం షవాంతె ఆదివాసులను స్టూడియోకు రప్పించలేదు. తామే వాళ్ల ఊరికి పోయి, వాళ్లతో కూర్చుని రికార్డు చేసుకున్నారు. నువ్వూ ముందు అమ్మమ్మ ఊరికి పో. డ్రమ్మర్‌ను వెంట తీసుకుపో, వాడే ముఖ్యం. గిటార్లు ఇంట్లో పెట్టి పోండి.

అక్కడ తాత ఒక దరువు ఎత్తుకుంటాడు. మీవాడు నాలుగు నాలుగుగా లెక్క పెడతాడు, దరువేమో మూడు మూడుగా నడవొచ్చు. కంగారు పడొద్దు. ఒకడు 'తకిట' నాలుగుసార్లు, ఇంకొకడు 'తకధిమి' మూడుసార్లు చేత్తో తొడ మీద కొట్టుకుంటూ చెప్పండి. 12 దగ్గర ఇద్దరూ ఒక్కచోట పడతారు. మీ పాట మలుపు తిరగాల్సింది అక్కడే. ఆ మలుపుకు సైగ తాతే ఇవ్వాలి, మీరు ఆయన చేతులు చూస్తూ వాయించాలి. లయ తప్పకుండా టిక్ టిక్‌మనే క్లిక్ ట్రాక్ ఆయన చెవిలో పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. డప్పు ఊపు మీద కాస్త ఉరుకుతుంది, ఉరకనీయండి.

ఇక సౌండు సంగతి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. పదిహేనేళ్ల కింద వరంగల్‌లో ఒక ఆర్కెస్ట్రా ప్రోగ్రాంకు మైకు సెట్టు నాదే. డప్పాయనకు ఒక స్టాండు మైకు పెట్టి ఊరుకున్నాను. డప్పు కొట్టే మనిషి ఒకచోట నిలబడతాడా? ఆయన గుండ్రంగా తిరుగుతూ ఎగురుతున్నాడు, నా మైకు గాలికి నిలబడి ఉంది. మీద గిటారు రొద. పాట మధ్యలోనే ఆపి, డప్పు చంకన పెట్టుకుని మిక్సర్ దగ్గరికొచ్చి అడిగాడు, "సారూ, నా సప్పుడు ఏడబోయింది?" ఏం చెప్పను? సౌండు పెంచి తగ్గించే ఫేడర్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

కాబట్టి డప్పు చెక్క అంచుకే క్లిప్ మైకు పెట్టించు, సిర్ర, అంటే కొట్టే పుల్ల, పడే చోటుకు ఎడంగా. వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్ ఎదురుగా నిలబడితే డప్పు తోలే అదిరి కూత మొదలవుతుంది, ఆయన్ను పక్కకు నిలబెట్టు. మీవాడి సెట్టులో చురుగ్గా మోగే స్నేర్ డ్రమ్ము శబ్దం, డప్పు 'టప్'మనే శబ్దం ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆయన కొట్టేటప్పుడు మీవాడు స్నేర్ ముట్టుకోకుండా రెండు కాళ్లతో పెద్ద డ్రమ్ము కొట్టే డబుల్ బాస్ పెడల్‌తో కింద నడిపిస్తే చాలు. నువ్వు డిస్టార్షన్, అదే గిటారు గరగర, సగం తగ్గించు. బాధగా ఉంటుంది, తెలుసు.

తోలు డప్పయితే తోలు బిగిసేలా కాచుకోవాలి. ఫెస్ట్‌లో గడ్డి మంటకు ఒప్పుకోరు. పాత రోజుల్లో మేం స్టేజీ వెనక హాలోజన్ లైటు ముందు పెట్టి కాచేవాళ్లం. ఫైబర్ డప్పు తెస్తే ఈ తిప్పలుండవు, కానీ ఆ మోతా ఉండదు. ఏది తేవాలో తాతనే అడుగు.

చివరిగా పైసల మాట. మీ బ్యాండు ఊరికే వాయిస్తుందేమో. తాతకు రిహార్సల్ రోజు, ఫెస్ట్ రోజు రెండు రోజుల కూలి పోతుంది. అది ముందే చేతిలో పెట్టు. పోస్టర్ మీద 'జానపద కళాకారుడు' అని రాసి వదిలేయకు, మీ నలుగురి పేర్ల పక్కన ఆయన పేరు అదే సైజులో వేయించు.

ప్రశ్న: అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా ఆర్కెస్ట్రాతో వాయించింది కదా, అలా చేసిన మొదటి బ్యాండ్ అదేనని నేను, కాదని మా నాన్న. పందెం వేసుకున్నాం.
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: అమ్మా, నాన్నే గెలిచారు. మెటాలికా శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీ అనే ఆర్కెస్ట్రాతో వాయించింది 1999 ఏప్రిల్‌లో. దానికి దాదాపు 30 ఏళ్ల ముందే, 1969 సెప్టెంబరు 24న, డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. సంగీతం రాసింది బ్యాండ్‌లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్. రిహార్సల్స్‌లో ఈ పొడుగు జుట్టు పిల్లలతో ఏంటని ఆర్కెస్ట్రా వాళ్లు కొందరు మొహం చిట్లిస్తే, ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న మాల్కం ఆర్నాల్డే వాళ్లను గదమాయించాడు. పందెం ఎంతో మాత్రం రాయలేదు మీరు.