విన్యాసాల మీద రాసే అమ్మాయికి

విజయవాడ, గవర్నర్‌పేట

అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను కాబట్టి ముందే చెబుతున్నా, బాధపడకు. గుంటూరు నుంచి విశాఖ దాకా రైల్లో వెళ్లి, 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో మిలన్ పరేడ్, అదే, పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే విన్యాసాల పరేడ్, కళ్లారా చూసొచ్చి రాశావు. మా రోజుల్లో ఏజెన్సీ వార్త ముందేసుకుని కుర్చీలోంచి లేవకుండా రాసేసేవాళ్లం. ఆ లెక్కన నువ్వు నాకంటే ఒక మెట్టు పైనే ఉన్నావు.

అయితే మొదటి పేరాలోనే 'చైనాకు గట్టి హెచ్చరిక' అన్నావు. ఎవరన్నారు ఆ మాట? నౌకాదళం అనదు. టీవీలో అంటారు. మూడో పేరాలో 'చిరకాల మైత్రికి నిదర్శనం' అన్నావు. అది ఉమ్మడి ప్రకటనల్లో ఉండే మాట, ఎవరితో చేసినా ఉండే మాట. రెండూ కొట్టేశాను.

ఎందుకు కొట్టేశానో నా సంగతే చెబుతా. 2019 డిసెంబరులో మేఘాలయలోని ఉమ్రోయిలో మన సైన్యం, చైనా సైన్యం కలిసి 'హ్యాండ్ ఇన్ హ్యాండ్' విన్యాసాలు చేశాయి. 2007లో కున్‌మింగ్‌లో మొదలై, 2017లో డోక్లాం సరిహద్దు గొడవతో ఆగి, మళ్లీ పట్టాలెక్కిన కార్యక్రమం అది. నేను తెగ మురిసిపోయి 'హిమాలయాల్లో మంచు కరుగుతోంది' అని హెడ్డింగ్ పెట్టి ఒక పత్రికకు రాశాను. ఆరు నెలలు కూడా ఆగలేదు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో మనవాళ్లు 20 మంది చనిపోయారు. ఆ కటింగ్ ఇప్పటికీ బీరువాలో ఉంది. బీసెంట్ రోడ్డులో కనబడినప్పుడల్లా ఓ పాత మిత్రుడు "మంచు కరిగిందా మాస్టారూ?" అంటాడు. ఏం చెప్పను?

కలిసి విన్యాసాలు చేసినంత మాత్రాన, పెళ్లి సంగతి అటుంచు, తాంబూలాలు పుచ్చుకున్నట్టు కూడా కాదు. అందుకే అక్కడ జరిగే పని చూసి రాయమంటాను. ఓడలు నడుస్తూనే ఇంధనం అందించుకోవడాన్ని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. నన్నడిగితే వ్యాసమంతా అక్కడే ఉంది. ట్యాంకరు, యుద్ధనౌక నలభై యాభై మీటర్ల ఎడంతో, ఒకే వేగంతో, ఒకే దిక్కుకు సాగాలి. ముందు ఒక సన్నటి తాడును తుపాకీతో అవతలి డెక్కు మీదికి పేలుస్తారు. దాని వెంట మోకు, మోకు వెంట ఉక్కు తీగ, ఆ తీగకు వేలాడుతూ గొట్టం. మన వారధి మీద రెండు లారీలు ఆగకుండా పక్కపక్కన పోతూ, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి డీజిల్ పోసుకుంటున్నట్టు ఊహించుకో. పైగా వారధి కూడా ఊగుతోందనుకో! రెంటి మధ్య ఇరుక్కుని పరుగెత్తే నీళ్లు ఓడల్ని ఒకదానివైపు ఒకటి లాగుతుంటాయి. చుక్కాని పట్టినవాడు రెప్పపాటు ఏమరితే అంతే.

ఇప్పుడు అవతలి ఓడ జపాన్‌ది అనుకో. ఆర్డర్లు ఏ మాటల్లో ఇవ్వాలి? మన గొట్టం మూతి వాళ్లదానికి పడుతుందా? ఆ నూనె డబ్బులు ఎవరిస్తారు? ఒకరి సైన్యానికి ఒకరు ఇంధనం, సామాన్లు అందించుకునేందుకు అమెరికాతో 2016లో చేసుకున్న లెమోవా ఒప్పందం ఈ చివరి ప్రశ్న కోసమే. కిరాణా కొట్టులో ఖాతా లాంటిది. ఇప్పుడు పట్టుకెళ్లు, లెక్క తర్వాత చూసుకుందాం. ఆ ఖాతా తెరవాలా వద్దా అని ఢిల్లీలో పదేళ్లకు పైగా తర్జనభర్జన పడ్డారు. పరేడ్‌లో బ్యాండు మేళం కంటే నాకు ఈ ఖాతా పుస్తకమే ఆసక్తి. నీకు బ్యాండు నచ్చిందని తెలుసు, దాన్ని రెండు వాక్యాలకు కుదించు.

విన్యాసాలకు ఎవర్ని పిలిచారో ఆ జాబితా కూడా చూడు. మలబార్ నౌకా విన్యాసాలు 1992లో మనమూ అమెరికా కలిసి మొదలుపెట్టినవే. 2007లో బంగాళాఖాతంలో మనతో కలిపి ఐదు దేశాలు చేస్తే చైనా గుర్రుమంది. ఇక్కడ వామపక్షాలు చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి విశాఖకు జాతాలు తీశాయి. ఆ వారం మన బెజవాడ టీ కొట్ల దగ్గర కూడా అదే వాదన. ఆ ఏడాది వచ్చిన ఆస్ట్రేలియాకు మలబార్‌లో మళ్లీ చోటు దొరికింది 2020 నవంబరులో, అంటే గల్వాన్ జరిగిన ఏడాదే. మధ్యలో పదమూడేళ్లు ఎందుకు పట్టిందో తవ్వితే నీకు ఇంకో వ్యాసం దొరుకుతుంది.

నీ వ్యాసంలో బొత్తిగా లేనిది ఒకటుంది. 2019 నవంబరులో మన దళాలు, అమెరికా దళాలు విశాఖ, కాకినాడల్లో 'టైగర్ ట్రయంఫ్' చేశాయి. తుపాను, ఉప్పెన లాంటివి వస్తే ఓడల్లోంచి నేరుగా ఒడ్డుకు మనుషుల్నీ మందుల్నీ దించడం ఎలాగన్నది దాని సారం. అందులో పాల్గొన్న మన జలాశ్వ ఒకప్పుడు అమెరికా వాళ్ల ట్రెంటన్ ఓడే. ఇది చదువుతుంటే నాకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తొచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. రోడ్లు తెగిపోయాయి. మా నాన్న బియ్యం మూట భుజాన వేసుకుని అవనిగడ్డ వైపు బయల్దేరి, సగం దారిలో నీళ్లు అడ్డొచ్చి వెనక్కొచ్చాడు. నువ్వు నాగాయలంక వెళ్లి అప్పటివాళ్లు ఎవరైనా ఉంటే, సాయం ఎన్నో రోజున ఎటునుంచి వచ్చిందో అడుగు. తర్వాత ఆ కాకినాడ విన్యాసాల గురించి రాయి.

ఆదివారం వీలైతే రా. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాలు చూద్దాం.

అన్నట్టు, మొన్న ఫోన్లో చెప్పావే, యూనిఫాంలో ఉన్న ఒక విదేశీ నావికుడు బీచ్‌లో మిరపకాయ బజ్జీ కొరికి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంకో రెండు కట్టించుకున్నాడని. అది వ్యాసంలో ఎందుకు లేదు? ఇంతకీ అతనిది ఏ దేశమో కనుక్కున్నావా?

ఇట్లు,
మీ బాబాయ్