పొరుగింటి వంట, మన పంక్తి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బెంగళూరు నుంచే ఉన్నాయి. ఒకే మెట్లవరుసలో నాలుగు భాషలవారు కాపురం ఉండే ఊరు కనుక అందులో ఆశ్చర్యం లేదు. ప్రశ్నలు వేరైనా అడుగున ఉన్న సందేహం ఒక్కటే: పక్కవారి వంటను మన ఇంట్లో వండుకునేటప్పుడు ఎంతవరకు మార్చుకోవచ్చు? ప్రతి వంటలోనూ ముట్టుకోకూడని పని ఒకటి ఉంటుందని, దానిని పట్టుకుంటే మిగిలినదంతా మన ఇష్టమేనని నా అభిప్రాయం. ఆ ఒక్క పని ఏదో వంటను బట్టి చెబుతాను.

ప్రశ్న: బిసిబేళె బాత్ ఎన్నిసార్లు చేసినా సాంబారన్నంలాగే వస్తోంది. కింది వాటాలో ఉండే మైసూరు వారికి రుచి చూపిస్తే, బాగుంది గానీ ఇది అది కాదంటున్నారు. బజారు పొడి వాడడం లేదు. మా ఊరి నుంచి తెచ్చుకున్న గుంటూరు మిరపకాయలతో ఇంట్లోనే పొడి కొడుతున్నాను. లోపం ఎక్కడ ఉంది?
— ఒక పాఠకురాలు, బసవనగుడి

జవాబు: లోపం మీరు గర్వంగా తెచ్చుకున్న ఆ మిరపకాయలలోనే ఉందమ్మా. గుంటూరు కాయను మనం కారం కోసం వాడతాము. ఈ పొడికి మిరపకాయ ఇవ్వవలసినది ముందుగా రంగు, వాసన, ఆ తరువాతే కారం. అందుకు హావేరి జిల్లాలోని బ్యాడగి పేరు మీద అమ్మే ముడతల కాయ కావాలి. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాయలో రెండు రకాలు దొరుకుతాయి: పొట్టిగా, గుండ్రంగా ఉండేది డబ్బి, పొడవుగా, సన్నగా ఉండేది కడ్డి. మీకు డబ్బి మేలు. గుంటూరు కాయతో పొడి కొట్టినప్పుడు కారం మించుతుందన్న భయంతో కాయల సంఖ్య తగ్గిస్తారు. కాయలు తగ్గితే రంగు తగ్గుతుంది, పొడి పలుచబడుతుంది, అప్పుడు చింతపండు పులుపు పైకి తేలుతుంది. మీ పొరుగువారి నాలుకకు తగిలిన తేడా అదే.

ధనియాలు, శనగపప్పు, మినప్పప్పు, కాసిని మెంతులు మీరు ఎలాగూ వేస్తున్నారు. వాటితోపాటు దాల్చినచెక్క, లవంగాలు, మరాఠీ మొగ్గ, గసగసాలు, ఎండుకొబ్బరి పడాలి. మరాఠీ మొగ్గ లేకుండా చేసినదానిని బిసిబేళె బాత్ అని పిలవడానికి నాకు మనసొప్పదు. ఒక గ్లాసు బియ్యానికి ముప్పావు గ్లాసు కందిపప్పు చాలు. పప్పు, కూరముక్కలు పూర్తిగా మెత్తబడ్డాకనే చింతపండు రసం పోయండి. పులుపు ముందే తగిలితే పప్పు బద్దలుగానే ఉండిపోతుంది, నవిలుకోసు (నూల్‌కోల్) ముక్క ఎంతసేపటికీ ఉడకదు. వడ్డించేటప్పటికి మీరు అనుకున్నదానికంటే జారుగా ఉండాలి, ఎందుకంటే కంచంలో పడిన నిమిషాలలోనే అది బిగుస్తుంది. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది ఆయా ఇళ్ల ఆచారం; దానికోసం పొరుగువారితో తగవు పడనక్కరలేదు. పైన నెయ్యి, పక్కన కారాబూందీ మాత్రం మానకండి.

ప్రశ్న: మా కోడలు కోల్‌కతా అమ్మాయి. వైట్‌ఫీల్డ్‌లో అందరం కలిసే ఉంటున్నాము. ఆదివారం మధ్యాహ్నం వంట తనది. మావారు, అబ్బాయి చేపలు తింటారు, నేను తినను. ఆవనూనె వాసన నాకు పడదు. భోజనం మొదట్లోనే చేదు కూర వడ్డించడం కూడా వింతగా ఉంది. ఆ పిల్ల మనసు నొప్పించకుండా, ఇంట్లో రెండు వంటలు పెట్టకుండా ఒకే పంక్తిలో కూర్చునే దారి చెప్పండి.
— ఒక అత్తగారు, వైట్‌ఫీల్డ్

జవాబు: చేప లేనిదే బెంగాలీ భోజనం లేదని మనవాళ్లు అనుకుంటారు గానీ, ఉల్లి, వెల్లుల్లి కూడా తగలని శాకాహారపు వంట వారికి పెద్ద సంపద. ఒకప్పుడు అక్కడి అగ్రవర్ణాల ఇళ్లలో వితంతువులకు చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి అన్నీ నిషేధించారు. ఆ కట్టుబాటు క్రూరమైనదే. అయినా ఆ ఆడవారు మిగిలిన నాలుగు కూరగాయలతోనే, తొక్కలూ కాడలూ కూడా పారవేయకుండా, ఇంత రుచిగల వంటను నిలబెట్టారు. నిరామిష వంట అంటే ఏమిటో మీ కోడలిని అడగండి. ఆ అమ్మాయికి వాళ్ల అమ్మమ్మ వంట గుర్తుకు వస్తుంది. శనగపప్పు ముద్దను బిళ్లలుగా కోసి, వేయించి, పులుసులో వేసే ధోకార్ దాల్నా, గసగసాల ముద్దతో చేసే ఆలూ పోస్తో, అరటిపువ్వుతో చేసే మోచార్ ఘంటో, ఇవన్నీ మీరు నిశ్చింతగా తినదగినవి.

చేదు కూర సంగతి. దాని పేరు శుక్తో. మధ్యాహ్న భోజనానికి అది తొలి వంటకం. రాత్రిపూట సాధారణంగా వండరు. కాకరకాయ ముక్కలను విడిగా వేయించుకుని, అరటికాయ, ములక్కాడ, చిలగడదుంప, వంకాయ ఉడికించి, వేయించిన వడియాలు చేర్చి, కొద్దిగా ఆవ, గసగసాల ముద్ద కలిపి, చివర పాలు, నెయ్యి, చిటికెడు పంచదారతో దింపుతారు. పసుపు గానీ కారం గానీ సాధారణంగా వేయరు. దీనికి ప్రాణం రాధుని అనే చిన్న గింజల పోపు. అది దొరకకపోతే బదులుగా వాము వేయకండి, కూర మొత్తం వాము వాసనే వస్తుంది. లేకుండా వండడమే నయం. ఇక్కడ ముట్టుకోకూడనిది వడ్డనలోని వరుస. అదే కూరను మన పద్ధతిలో పప్పు తరువాత నంజుకుంటే చప్పగా, అర్థం లేనట్లుగా అనిపిస్తుంది. ఖాళీ నాలుకకు ముందుగా అందితేనే ఆ లేతచేదు తరువాత వచ్చే పప్పును తీయగా తోపిస్తుంది.

ఆ వరుసే మీ చేపల సమస్యను కూడా తీరుస్తుంది. బెంగాలీ భోజనంలో అన్నీ ఒకేసారి వడ్డించరు: చేదు, దాని వెనుక పప్పు, వేపుడు, తరువాత కూరలు, ఆ తరువాత చేప, చివరకు తీపిపచ్చడి, మిఠాయి. కనుక శుక్తో, పప్పు, వేపుడు, కూరలు అందరికీ ఒకటే. చేపల గిన్నె పంక్తిలోకి వచ్చే వేళకు మీరు చారుకో పెరుగుకో వెళతారు. చేపకు వేరే బాణలి, వేరే గరిటె పెట్టుకోవడం రెండు వంటలు పెట్టడం కాదు.

ఇక ఆవనూనె. దానిని సన్నగా పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, ఆ తరువాతే పోపు వేస్తే ముక్కును పొడిచే ఘాటు చాలా వరకు పోతుంది. వంట దింపాక పైన పచ్చినూనె చిలకరించే అలవాటు వారికి ఉంది. ఆ పని చేపల గిన్నెకే పరిమితం చేయమనండి. అయినా ఆవ ఘాటు మన తెలుగింటికి కొత్తదేమీ కాదు కదా! పనసపొట్టు కూరకు, అరటిపువ్వు కూరకు ఆవ పెట్టేది మనమే. ఆవాలను నీళ్లతో నూరినప్పుడు గింజలో వేరువేరుగా ఉన్న ఒక ఎంజైము, ఒక గంధక సమ్మేళనం కలిసి ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది, అప్పటికే పుట్టిన ఘాటు కూడా ఎగిరిపోతుంది. అందుకే మనం కూర దింపాక ఆవ కలుపుతాము. వారు ఆవముద్దను పులుసులోనే కొద్దిసేపు ఉడకనిచ్చి, పోయిన ఘాటును పచ్చినూనెతో మళ్లీ తెచ్చుకుంటారు. నూరేటప్పుడు ఉప్పు, పచ్చిమిరపకాయ చేరిస్తే చేదు రాదని కూడా వారంటారు. ఒక ఆదివారం అరటిపువ్వు తెప్పించి, సగం ఆ అమ్మాయి చేత కొబ్బరి, గరం మసాలాతో ఘంటోగా వండించి, సగం మీరు ఆవ పెట్టి వండండి. పువ్వులలోని గట్టి కేసరాలు తీసే పని ఎంతకీ తెమలదు గనుక ఇద్దరూ కూర్చుని ఒలవడానికి కావలసినంత సమయం కూడా దొరుకుతుంది. ఒలిచినవి నల్లబడకుండా పలుచని మజ్జిగలో వేయడం మరచిపోకండి.

ప్రశ్న: పక్కింటి పంజాబీ కుటుంబాన్ని రాత్రి భోజనానికి పిలిచాము. వాళ్లకోసం రాజ్మా చేద్దామనుకుంటున్నాను. కొత్తగా కొన్న స్లో కుక్కర్‌లో ఉదయమే పడేసి ఆఫీసుకు వెళ్లిపోవచ్చా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వద్దు. పచ్చి రాజ్మాలో కడుపును చెడగొట్టే ఒక విషపదార్థం ఉంటుంది. బాగా మరిగితేనే అది నశిస్తుంది, స్లో కుక్కర్‌లోని తక్కువ వేడికి నశించదు సరికదా, దాని తీవ్రత పెరిగే ప్రమాదం కూడా ఉంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట సేపు తెర్లనిచ్చి, ఆ తరువాత ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి; సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో కంటే గింజలకు కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. టమాటాలు గింజ మెత్తబడ్డాకే వేయాలి. కారణం పైన బసవనగుడి పాఠకురాలికి చెప్పినదే.

ప్రశ్న: విజయవాడలో పొంగిపొర్లిన ఇడ్లీపిండి ఇక్కడ డిసెంబరు, జనవరి నెలలలో కదలడం లేదు. కొలతలు మార్చాలా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: కొలత మార్చకండి, వేళ మార్చండి. ఒక గ్లాసు మినపగుండ్లకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ అన్నది సరైన లెక్కే. పిండిని పొంగించే సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి; ఇక్కడి చలికాలపు రాత్రులలో ఉష్ణోగ్రత తరచుగా 15, 16 డిగ్రీలకు దిగిపోతుంది. రాత్రి పదింటికి రుబ్బి తెల్లవారేసరికి పొంగాలంటే కుదరదు. మధ్యాహ్నమే రుబ్బి, చేత్తో బాగా కలిపి, వెలిగించని ఓవెన్‌లో లైటు ఒక్కటే వేసి లోపల పెట్టండి. మినపగుండ్లతోపాటు గుప్పెడు అటుకులు నానవేసి రుబ్బితే ఇడ్లీ మెత్తగా వస్తుంది.

పొంగని రోజున సోడా గుప్పించి ఆ పిండిని చంపడం కంటే, పులియబెట్టే అవసరమే లేని పెసరట్టు వేసుకోవడం మర్యాద. లేదా ఈ ఊరి రవ్వ ఇడ్లీ ఉండనే ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యానికి కరువు వచ్చినప్పుడు గోధుమతో చేసే బొంబాయి రవ్వతో ప్రయత్నించగా అది పుట్టిందని ఎంటీఆర్ హోటలువారు చెబుతారు. పెరుగు, నెయ్యిలో వేయించిన రవ్వ, జీడిపప్పు పోపు ఉంటే అరగంటలో పని అయిపోతుంది.

ప్రశ్న: మాది చిత్తూరు వైపు. జనవరిలో ఇక్కడ ఎక్కడ చూసినా అవరెకాయ రాశులే. మేము చేసే పితికిపప్పు కూర మా పిల్లలు ముట్టడం లేదు. ఇక్కడివారి పద్ధతిలో ఇంకేమైనా చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: మీ అనపకాయలే అవి. గింజలను రాత్రి నానబెట్టి, ఉదయం వేళ్ల మధ్య నొక్కి తోలు ఊడదీసే పని కూడా రెండు చోట్లా ఒకటే; కన్నడిగులు ఆ పప్పుతో కొబ్బరి, ధనియాలు నూరి పోసి సారు చేస్తారు, మీరు బంగాళదుంపో వంకాయో చేర్చి కూర చేస్తారు. పిల్లలకు కూర నచ్చకపోతే రొట్టెలోకి ఎక్కించండి. ఉడికించిన గింజలు, సన్నగా తరిగిన సోయికూర, పచ్చిమిరప, కొబ్బరికోరు బియ్యప్పిండిలో కలిపి, వేడినీళ్లతో ముద్ద చేసి, నూనె రాసిన పెనం మీదే చేత్తో వత్తి కాల్చేది అక్కిరొట్టె. సోయికూర మానేస్తే అది వట్టి బియ్యపురొట్టె అయిపోతుంది, కాబట్టి ఇక్కడ వదలకూడనిది ఆ ఆకే. కాయలు కొనేటప్పుడు వాసన చూడండి. చేతికి జిడ్డుగా అంటుకుని, ఘాటైన పచ్చివాసన వచ్చేవే మంచివి. ఈ ఊరిలో జనవరి ప్రాంతంలో జరిగే అవరె మేళాకు పిల్లలను తీసుకువెళితే ఆ గింజతో ఇక్కడివారు దోసె మొదలు జిలేబీ దాకా చేయడం చూసి వాళ్లే అడుగుతారు. జిలేబీ సంగతి మాత్రం నన్ను అడగకండి, నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో నెలకొకసారి అందరం తలొక వంటా తెచ్చుకుని కలిసి భోజనం చేస్తాము. ఈసారి నేను గోంగూర తెస్తానంటే కలబురగి వారు, మరాఠీవారు కూడా తమకూ అదే ఉందన్నారు. ముగ్గురమూ ఒకటే తెస్తే నవ్వులపాలు కామా?
— ఒక పాఠకురాలు, హెబ్బాళ

జవాబు: ముగ్గురూ తప్పకుండా తెండి. ఆకు ఒకటే గానీ వంట ఒకటి కాదు. ఉత్తర కర్ణాటకవారు పుండిపల్యలో పప్పు, జొన్ననూక వేసి ముద్దగా ఉడికించి, వెల్లుల్లి పోపుతో జొన్నరొట్టె పక్కన పెడతారు. మరాఠీవారి అంబాడీ భాజీ దానికి దగ్గర చుట్టమే. అందులోనూ నూక పడుతుంది, భాకరీ అనే మందపాటి రొట్టెతో తింటారు. నూక పులుపును సగం మింగేస్తుంది గనుక వారి వంట కూరగా ఎక్కువ పరిమాణంలో తినడానికి వీలవుతుంది. మన పచ్చడిలో ఆ పులుపును మింగేది ఏదీ ఉండదు. నూనె, ఎండుమిరప, అన్నం కలిసి దానిని మోయాలి. బర్మాలో ఇదే ఆకును ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిరప, రొయ్యలు, వెదురుకొమ్ములతో వేయిస్తారు. మాంసాహారులు ఉన్న పంక్తి అయితే మీరు పచ్చడికి బదులు గోంగూర రొయ్యలు తెచ్చి, పచ్చడిని చిన్న గిన్నెలో పక్కన పెట్టండి. ముగ్గురి మధ్యా పోలిక మరింత రుచిగా ఉంటుంది.

వండేటప్పుడు అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వద్దు, ఈ ఆకు పులుపు వాటిని తింటుంది. స్టీలు గిన్నె గానీ మట్టికుండ గానీ వాడండి, ముందురోజు సాయంత్రమే చేసిపెట్టుకోండి, అన్నం మాత్రం వేడిగా ఉండేలా చూసుకోండి.